ఆమె వేలికి తగిలిన గడ్డ

హీలా కణాల కథ మనలో చాలామందికి తెలుసు. 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ నుంచి, ఆమెను అడక్కుండా తీసుకున్న క్యాన్సర్ కణాలు అవి. ల్యాబుల్లో ఇప్పటికీ పెరుగుతున్నాయి. రెబెకా స్క్లూట్ పుస్తకం (2010) వచ్చాక చర్చంతా ఆ అడక్కపోవడం గురించే జరిగింది. జరగాల్సిందే. నన్ను వదలనిది మాత్రం ఆమె కేస్ షీటులోని ఒక ఖాళీ.

1950 సెప్టెంబరులో హెన్రియెట్టా అదే ఆసుపత్రిలో ఐదో బిడ్డను కన్నది. ఆరు వారాలకు మళ్ళీ వెళ్ళి చూపించుకుంది. రెండుసార్లూ గర్భాశయ ముఖద్వారంలో తేడా ఉన్నట్టు ఎవరూ రాయలేదు. లోపల ఏదో ముడి ఉన్నట్టుందని ఆమె అంతకుముందే దగ్గరివాళ్ళతో చెప్పింది. చివరికి గడ్డ ఆమె వేలికే తగిలింది. 1951 మొదట్లో డాక్టర్ హోవర్డ్ జోన్స్ చూసేసరికి అది ముట్టుకుంటే రక్తం కారే స్థితిలో ఉంది. అయితే ముందు చూసినవాళ్ళకి కనబడలేదు, లేదా మూడు నెలల్లోనే అంత పెరిగింది. అక్టోబరు 4న ఆమె చనిపోయింది. వయసు 31.

1971లో జోన్స్, ఆయన సహచరులు ఆ కేసును తిరగేసి, మొదట రాసుకున్న రకం తప్పని ప్రకటించారు. అది అడినోకార్సినోమా. ముఖద్వారం పైపొరలో కాక, గ్రంథి కణాల్లో పుట్టే క్యాన్సర్. అప్పటి వైద్యం రెండింటికీ ఒకటే, రేడియం. కాబట్టి సరైన పేరు తెలిసినా ఆమెకు ఒరిగేదేమీ లేదు.

కానీ తర్వాతి తరాల స్త్రీలకు ఆ తేడా ముఖ్యం. పాపనికొలావ్, ట్రౌట్ 1941లో ప్రచారంలోకి తెచ్చిన పాప్ పరీక్ష, గీకితే వచ్చిన కణాల్నే చూడగలదు. లోపలి కాలువలో దాక్కున్న గ్రంథి కణాలు చాలాసార్లు దానికి చిక్కవు. అందుకే పాప్ పరీక్షలు బాగా జరిగిన దేశాల్లో పైపొర క్యాన్సర్లు తగ్గినంతగా ఇవి తగ్గలేదు.

1984లో హరాల్డ్ త్సుర్ హౌజెన్ బృందం హెచ్‌పీవీ-18ని గుర్తించింది. ఆ వైరస్ హీలా కణాల్లోనూ ఉంది. కణం రూపాన్ని కాక వైరస్ జన్యువుల్ని వెతికే ఇవాళ్టి పరీక్ష, పాప్ వదిలేసే వాటిలో చాలావాటిని పట్టుకుంటుంది. అన్నిటినీ కాదు. వైరస్ లేకుండా వచ్చే రకాలూ కొన్ని ఉన్నాయి.

అకారణంగా రక్తం కనబడుతోందని ఏ అక్కయ్యో, పిన్నో చెప్తే, “మొన్న రిపోర్టు నార్మలే కదా” అని మనం సర్ది చెప్పకూడదు. ఆ రిపోర్టు పక్కన పెట్టి, డాక్టర్ని మళ్ళీ చూడమనాలి.