వ్యర్థము లేని పని: దాని చరిత్ర



నేను న్యాల్‌కల్ ప్రాంతమున బడిపంతులుగా బ్రతుకు గడపి విశ్రాంతి పొందినవాడను. కావ్యములును వ్యాకరణమును చదువుకొన్న నాకు కర్మాగారముల ప్రసంగమేలయని మీరడుగవచ్చును. అధికారము లేకున్నను అవసరము కలదు. మన న్యాల్‌కల్, ఝరాసంగము మండలములలో రమారమి 12,600 ఎకరముల మేర, జనులు ‘నిమ్జ్’ అని పిలుచు పారిశ్రామిక ప్రాంతమును నెలకొల్పుటకు 2016 జనవరిలో కేంద్రప్రభుత్వము తుది ఆమోదమొసగినది. 2024 ఆగస్టులో జహీరాబాదు పారిశ్రామిక నగరమునకై 3,245 ఎకరముల ప్రణాళికను కేంద్ర మంత్రివర్గము అంగీకరించినది. జొన్నయు, కందియు, చెఱకును పండిన నేలపై యంత్రశాలలు లేవనున్నవి. ఆ శాలలలో మన బిడ్డలకు వినబడబోవు మాట యొకటి కలదు. అది ‘లీన్’ అను మాట. ఇంగ్లీషున దానికి కొవ్వులేనిది, బక్కపలుచనిది యని యర్థము.

ఈ మాటను నాకు తొలిసారి చెప్పినవాడు నా పూర్వశిష్యుడొకడు. అతడు పట్టణమున సబ్బులు చేయు నొక శాలలో పనివాడు. పండుగకు ఊరికి వచ్చి నన్ను చూడవచ్చెను. “పంతులుగారూ, మా శాలలో లీన్ పెట్టినారు. నలుగురు చేసిన పనిని ఇద్దరము చేయుచున్నాము. తక్కిన యిద్దరిని ఇంటికి పంపినారు. ఇదియేనా లీన్ అనగా?” అని యడిగెను. నాకు సమాధానము తోచలేదు. నాటినుండి ఆ మాట పుట్టుపూర్వోత్తరములు వెదకితిని. నేటి ప్రసంగము అతనికి నేను బాకీపడిన సమాధానము.

ఈ పద్ధతి మొదట పుట్టినది మగ్గము నొద్ద. జపానుదేశమున 1867 లో జన్మించిన సకిచి తొయోదా యనునతడు వడ్రంగి కుమారుడు. మరమగ్గమున నూలుపోగు తెగినను యంత్రము ఆగక నేయుచునే యుండును, గుడ్డ చెడును. అందుచేత ప్రతి మగ్గమునకు ఒక మనిషి కావలి యుండవలసివచ్చెడిది. పోగు తెగినంతనే తనంత తానే నిలిచిపోవు మగ్గమును సకిచి 1924 లో పూర్తిచేసెను. దాని హక్కులను 1929 లో ఇంగ్లండునందలి ప్లాట్ సోదరుల సంస్థ కొనెను. తప్పు జరిగిన చోటనే పని నిలుపవలెను, చెడిన సరుకును ముందునకు పంపరాదు అనునది ఈ పద్ధతికి మొదటి సూత్రము.

సకిచి కుమారుడు కిచిరో 1937 లో టొయోటా మోటారు సంస్థను స్థాపించెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఆ సంస్థ దివాలా యంచునకు చేరెను. అమ్ముడుపోని బండ్లు నిలిచిపోయెను, అప్పులు పెరిగెను. 1950 లో పనివారు సమ్మె చేసిరి. రమారమి రెండువేలమంది పని విడువవలసివచ్చెను. అందులకు బాధ్యత వహించి కిచిరో తానును అధ్యక్షపదవిని విడిచెను. మిగిలిన పనివారికి ఇకపై ఉద్యోగమునకు భయములేదను హామీ లభించెను. శ్రోతలు ఈ విషయమును మనసున నుంచుకొనవలెను. ఏలయన, కథకంతకు మూలకందమిదియే.

ఆ శాలలో పనిచేయుచుండిన తైచి ఓనో యను ఇంజనీరు ఆ పునాదిపై పద్ధతిని కట్టెను. అతడు వ్యర్థములను ఏడుగా లెక్కించెను: కావలసినదానికన్న ఎక్కువ చేయుట, పనికై ఎదురుచూచుట, సరుకును ఊరక అటునిటు మోయుట, అక్కరలేని పనితనము, మితిమీరిన నిల్వ, చేతికి కాలికి వృథాశ్రమ, లోపముగల సరుకు. వీనిలో మొదటిదే తక్కినవానికి తల్లియని యతడు చెప్పెను. ఈ యేడింటిలో ‘మనిషి’ యను మాట లేదు.

1956 లో ఓనో అమెరికా వెళ్లి, కొనువారు తమంత తామే సరుకు తీసికొను పెద్ద అంగళ్లను చూచెను. అరమీద ఎంత ఖాళీయగునో అంతయే మరల నింపబడుచుండెను. తన శాలలోను అట్లే, ముందువాడు తీసికొన్నంతయే వెనుకవాడు చేయునట్లు చీటీల పద్ధతిని నడపెను. ఇది మనకు క్రొత్తకాదు. మన యిండ్లలో తినువారు పీటమీద కూర్చుండిన పిదపనే తల్లి జొన్నరొట్టె తట్టును. ఒకడు తినుచుండగా మరియొకటి పెనముమీద కాలును. ఉదయమే ఇరువది రొట్టెలు చేసిపెట్టినచో సాయంకాలమునకవి అట్టలగును.

అంగడిని చూచి నేర్చిన విద్య మరల అంగడి సరుకునకు చేరుట సహజమే. సబ్బు, నూనె, బిస్కత్తు మొదలగు నిత్యోపయోగ వస్తువుల శాలలో ఒక రకమునుండి మరియొక రకమునకు మారవలెనన్న యంత్రమును కడిగి అచ్చులు మార్చవలెను. మార్పునకు పూటంతయు పట్టినచో, ఒకే రకమును వారముల తరబడి చేసి గోదాములు నింపుదురు. కొన్నిటికి గడువు తీరును, అవి పారవేయబడును. జపానున షిగియో షింగో యనునతడు 1969 ప్రాంతమున నాలుగుగంటలు పట్టు అచ్చుమార్పును మూడు నిమిషములకు తెచ్చెను. మార్పు సులువైనచో ఈనాడు అమ్మినదానినే రేపు చేయవచ్చును. 1988 లో జాన్ క్రాఫ్‌సిక్ అను అమెరికా పరిశోధకుడు ఈ పద్ధతికి ‘లీన్’ అని పేరిడెను.

ఇచట పెద్దలొక ఆక్షేపము చెప్పుదురు: “నిల్వ వ్యర్థమా? పాతరలో ధాన్యము, గుమ్మిలో విత్తనము లేనిదే కరువును దాటితిమా?” ఈ మాట నిజము. 2011 భూకంపానంతరము టొయోటాయే కొన్ని విడిభాగములను నెలల తరబడి నిల్వయుంచు నేర్పాటు చేసికొనెను. 2020 లో కరోనా కాలమున అంగళ్ల అరలు ఖాళీయగుట మనమును చూచితిమి. కావున భయమునకు తగిన నిల్వ వివేకము. అజాగ్రత్తవలన పెరిగిన నిల్వ వ్యర్థము.

జపాను పనితనము మన గడపకు మునుపే వచ్చినది. హైదరాబాదున 1942 లో వెలసిన ఆల్విన్ సంస్థ శీతలపేటికలు, బస్సుల పైకట్టడములు చేసెను. 1980 దశకమున జపాను సీకో సంస్థ సహకారముతో చేతిగడియారములు, నిస్సాన్ సహకారముతో ఇచటనే జహీరాబాదున చిన్న లారీలు చేయించెను. లారీల శాల 1989 లో మహీంద్రా వారి చేతికి వచ్చి నిలిచినది. శీతలపేటికల వ్యాపారము 1990 దశకమున వోల్టాస్ వారికి పోయినది. ఆల్విన్ గడియారములు మన మణికట్లనుండి కనుమరుగైనవి. లోపములెంచుట నా పనికాదు. యంత్రమును దిగుమతి చేసికొనవచ్చును గాని, పనివాని మాట వినెడి అలవాటును ఏ ఓడయు మోసికొనిరాదని మాత్రము చెప్పుదును.

ఇక నా శిష్యుని ప్రశ్న. నాయనా, నీవు చూచినది లీన్ పేరుతో నడచినది గాని, దాని చరిత్రలో నున్నది కాదు. టొయోటా శాలలో తప్పు కనిపించినచో సామాన్యపు పనివాడైనను త్రాడులాగి పనిని నిలుపవచ్చును. తన ఉద్యోగము పోదని నమ్మినవాడే త్రాడును లాగును. తాను చూపిన పొదుపు తన తోటివాని కూడు తీయునని యెరిగినవాడు తప్పును చూచియు నోరు మూసికొనును. అప్పుడు వ్యర్థము పోదు, దాగును.

కావున పెద్దలారా! మన నేలపై శాల పెట్టవచ్చువారిని మూడు మాటలడుగుడు. పనివాడు తప్పు చూచి యంత్రమును నిలిపినచో అతనిని మెచ్చుకొందురా, దండింతురా? పని తగ్గించు ఉపాయము చెప్పినవానికి వేరు పని యిత్తురా, ఇంటికి పంపుదురా? శాలలోని వ్యర్థమును తగ్గించి మా చెరువులోనికి మురికిని వదలుదురా? ఈ మాటలు నేల కాగితములపై వ్రేలిముద్ర పడకమునుపే అడుగవలెను. పిదప అడిగినచో వినువారుండరు.

వ్యర్థమును విడుచుట మన తల్లులెరిగిన ధర్మము. మనిషిని విడుచుట ఏ తల్లియు నేర్పినది కాదు.