వాడను కూల్చి సైన్సు
యూనివర్సిటీ చుట్టూ ఆవిష్కరణల పేట కడతామంటే మేం ముందుగా అడిగేది ఒకటే: ఆ నేల మీద ఎవరుండేవాళ్లు?

అమెరికాలో, పశ్చిమ ఫిలడెల్ఫియాలో బ్లాక్ బాటమ్ అని నల్లవాళ్ల వాడ వుండేది. 1959లో పెన్సిల్వేనియా, డ్రెక్సెల్ యూనివర్సిటీలు మరికొన్ని సంస్థలతో కలిసి ఒక కార్పొరేషన్ పెట్టుకున్నాయి. అదే ఏడు హౌసింగ్ చట్టంలో 112వ సెక్షన్ వచ్చింది. యూనివర్సిటీ తన పక్క భూములకు పెట్టే ఖర్చును నగరం తన వాటాగా చూపించి కేంద్రం నిధులు తెచ్చుకోవచ్చు. ఇక వాడను 'పాడుబడ్డ ప్రాంతం' అని రాయడమే మిగిలింది. ఆ మాట రాసింది వాడవాళ్లు కాదు.

ఇండ్లు కూలాయి, వేలమంది చెదిరిపోయారు. 1963లో పుట్టిన సైన్స్ సెంటర్ ఆ నేల మీదే లేచింది. 1969 ఫిబ్రవరిలో విద్యార్థులు కాలేజ్ హాల్లో ఆరు రోజులు బైఠాయిస్తే ఇండ్లకు నిధి సమకూరుస్తామన్నారు. ఆ మాట నిలవలేదు. నగరం నడిబొడ్డున తొలి పరిశోధన పార్కు తమదేనని సెంటర్ చెప్పుకుంటుంది. చెదిరినవాళ్లు మాత్రం ఆ వాడ పేరు మీదే ఏటా కలుసుకునే ఆనవాయితీ పెట్టుకున్నారు.