పువ్వు కత్తిరించే ముందు

అప్లిక్ బొంతలో కుట్టు కన్నా ముందే రెండు చిక్కులు వస్తాయి. పువ్వులన్నీ ఒకే కొలతలో రావాలంటే దేన్ని అచ్చుగా పెట్టుకోవాలి? కత్తిరించిన ముక్క ఎక్కడ కూర్చోవాలో ఎలా తెలియాలి?

18వ శతాబ్దపు ఇంగ్లండు ఆడవాళ్ళకి మొదటి చిక్కు కొంత తప్పింది, మన పుణ్యమా అని! మన బందరుతో సహా కోరమాండల్ తీరం నుంచి చింట్జ్ బట్ట ఓడల్లో వెళ్ళేది. పువ్వు బట్ట మీదే ఉంది కాబట్టి దాని అంచు వెంట కత్తెర పోనిస్తే చాలు. అక్కడి నేతగాళ్ళ గొడవతో 1700లో ఆ దిగుమతికి అడ్డుకట్ట వేశారు. 1721లో అద్దకం నూలుబట్ట వాడకాన్నీ చాలావరకు నిషేధించారు, 1774 దాకా. అంత అపురూపమైన బట్టలోని పువ్వుల్ని విడదీసి తెల్లగుడ్డ మీద దూరదూరంగా కుడితే, జానెడు ముక్క దుప్పటంతా పరుచుకునేది. ఆ పనికి తర్వాత 'బ్రోడరీ పెర్స్' అని పేరొచ్చింది. పేరేమో పర్షియాది, బట్టేమో మనది!

అతుకుల బొంతలకి మాత్రం కాగితమే అచ్చు. కాగితం ముక్క మీదికి గుడ్డ మడిచి టాకా వేసి, ముక్కలన్నీ కలిపి కుట్టి, చివర్లో కాగితాలు లాగేసేవారు. పాత ఉత్తరాలు, పద్దు పుస్తకాలు, పిల్లల కాపీ పుస్తకాలు అన్నీ అలా కత్తెర పాలయ్యాయి. పూర్తికాని బొంతల్లో అవి అలాగే ఉండిపోయాయి. ఒక గృహిణి రాసుకున్న పద్దు ఆమె ఆపేసిన పని వల్లే మిగిలిందంటే నాకు మనసు అదోలా అవుతుంది. కాగితం మీద తేదీ ఉన్నా బొంత ఆ ఏడాదిదే అనుకోకూడదు. ఉత్తరం ఎన్నేళ్ళు పెట్టెలో దాగిందో ఎవరికెరుక?

రెండో చిక్కుకి నాకు నచ్చిన జవాబు అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, మారియన్ ఊరి మేరీ వెబ్‌స్టర్ ఇచ్చింది. 50 ఏళ్ళ వయసులో, 1909లో, ఆవిడ మొదటి క్విల్ట్ చేసింది. 1911 జనవరిలో ఆవిడ డిజైన్లు 'లేడీస్ హోమ్ జర్నల్' పత్రికలో రంగుల్లో వచ్చాయి. అడిగిన వాళ్ళకి ఇంటి నుంచే నమూనాలు పోస్టులో పంపేది. కొలతకి బ్లూప్రింటు, ఏ ముక్క ఎక్కడో చూపించడానికి రంగురంగుల టిష్యూ కాగితం! బొమ్మ గీయడం రాని వాళ్ళకి అదెంత ధైర్యమో.

ఇప్పుడు అమెరికాలో మాంసం చుట్టే ఫ్రీజర్ పేపర్ వాడుతున్నారు. ఒకవైపు ప్లాస్టిక్ పూత ఉంటుంది, ఇస్త్రీ పెడితే గుడ్డకి అతుక్కుని, పనయ్యాక ఊడొస్తుంది. మన ఇళ్ళలో శుభలేఖ అట్ట రెండు మూడు పువ్వులకి సరే గానీ, పెన్సిల్ రాపిడికి మూలలు అరుగుతాయి. ముక్కలు ఎక్కువైతే పాత ఎక్స్‌రే ఫిల్మే మేలు, అరగదు. స్థానం కోసం బటర్ పేపర్ మీద మొత్తం బొమ్మ గీసి, పై అంచు ఒక్కటే పిన్నులతో గుడ్డకి గుచ్చండి. కాగితం ఎత్తి ముక్క పెట్టడం, దించి గీతకి సరిపోయిందో చూడటం, అప్పుడు టాకా వేయడం.