ఇసుక సందులలోని పురుగులు

దేవరకొండ విద్యార్థికి వానపాము కొత్త కాదు. తొలకరికి చెలకలో బయటపడిన వానపామును తోకనుండి తలవైపుకు వ్రేలితో నిమిరితే సన్నని గరుకు తగులుతుంది. అవే శూకాలు. సముద్రంలో దీనికి వేలకొలది దాయాది జాతులున్నవి. వాటిలో చాలవాటికి ప్రక్కల పాదాలవంటి తమ్మెలు, వాటిపై కుచ్చులుగా శూకాలు ఉండడంవల్ల పాలీకీటులని పేరు వచ్చింది.

మన తూర్పుతీరపు పాలీకీటులకు పేర్లు పెట్టిన తొలివారిలో విదేశీయులే ఎక్కువ. చిలికా సరస్సు నమూనాలనుండి మార్ఫైసా గ్రేవ్లీ మొదలైన కొత్త జాతులను 1921లో వర్ణించిన రోలండ్ సదరన్ ఐర్లండువారు. కలకత్తా ఇండియన్ మ్యూజియం సేకరణపై 1932లో గ్రంథం వ్రాసిన పియర్ ఫావెల్ ఫ్రెంచివారు. సీసాలో సారాయిలో నిలువచేసిన పురుగుకు రంగు పోతుంది, ఒళ్లు ముడుచుకుంటుంది. అది ఎట్లా ప్రాకేదో ఎవరికి తెలుస్తుంది?

1944లో ఆర్. గోపాల అయ్యర్, కె. హెచ్. అలికున్హి మద్రాసు తీరపు ఇసుకలోని చిన్న పురుగులను వర్ణించారు. ప్రోటోడ్రిలస్ ఇండికస్, శాకోసిర్రస్ మైనర్, పాలిగోర్డియస్ మద్రాసెన్సిస్ వారు పెట్టిన పేర్లే. తమాషా ఏమంటే, పాలిగోర్డియస్‌కు శూకాలే లేవు! అందుకే ఇటువంటివాటిని ఆదిమజీవులుగా భావించి, ఆర్కిఅనెలిడా అని వేరుగా ఉంచారు. శూకాలు మొదటినుండి లేకపోవడం కాదు, తరువాత పోయినవని నేటి అభిప్రాయం; కనుక ఇవి పాలీకీటులలోనే చేరినవి. వర్గం మారినా జాతి పేరు ప్రక్కన ఆ ఇద్దరి పేర్లు, 1944 అనే సంవత్సరం అట్లాగే ఉన్నవి.

వాల్తేరు తీరపు ఇసుకలోని ఇటువంటి జీవులపై జి. చంద్రశేఖరరావు, పి. ఎన్. గణపతి పరిశోధన 1968లో వెలువడింది.