వృద్ధాశ్రమాల తనిఖీ: ఇంగ్లండు అనుభవం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
వృద్ధుల నివాసాలను ప్రభుత్వం తనిఖీ చేసే పద్ధతి ఇంగ్లండులో 1834 పేదల చట్టంతో స్థిరపడింది. తనిఖీ అధికారి దేనిని చూడాలి, ఎవరి మాట వినాలి అనే విషయంలో అప్పటినుంచి ఇప్పటివరకు వచ్చిన మార్పులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆశ్రమాల్లోని లోపాలు బయటపడిన ముఖ్య సందర్భాల్లో వాటిని మొదట గుర్తించినవారు ఎక్కువగా తనిఖీ వ్యవస్థకు వెలుపలివారేనని నిరూపించి, ఆ అనుభవం వెలుగులో భారతీయ చట్టస్థితిని చర్చిస్తుంది.

కీలకపదాలు: వృద్ధాశ్రమం, తనిఖీ, శ్రమగృహం, పీటర్ టౌన్సెండ్, కనీస ప్రమాణాలు, వయోవృద్ధుల చట్టం.

1. ప్రవేశిక:
వృద్ధాశ్రమం ఒకేసారి ఇల్లు, సంస్థ కూడా. ఇల్లు కాబట్టి లోపలి జీవితం గోప్యంగా సాగుతుంది. సంస్థ కాబట్టి ఒకరి ఆకలి, నిద్ర, స్నానం మరొకరి చేతిలో ఉంటాయి. ఈ రెండు లక్షణాలు కలిసినచోట బయటినుంచి చూసే కన్ను అవసరమవుతుంది. తనిఖీ అనే భావనకు మూలం ఇదే. అయితే ఆ కన్ను దేనిని చూడాలన్నది ప్రతి కాలంలోనూ ఒకే విధంగా లేదు. ఇంగ్లండు చరిత్రలో తనిఖీ మొదట ఖర్చును, ఆ తరువాత గదులను, తరువాత కాగితాలను చూసింది. నివాసి మాటకు చోటు దొరికింది చివరనే. ఈ క్రమాన్ని దశలవారీగా గుర్తించడం ఈ వ్యాస లక్ష్యం.

2. శ్రమగృహాలు – ఖర్చుపై నిఘా:
1834లో వచ్చిన పేదల చట్ట సవరణ వర్క్‌హౌస్‌లుగా పిలిచిన శ్రమగృహాలను సహాయానికి ప్రధాన మార్గం చేసింది. పని చేయగలిగినవారిని బద్ధకం నుంచి తప్పించడం చట్టకర్తల ప్రకటిత ఉద్దేశం. కానీ కాలక్రమంలో ఆ గృహాల్లో మిగిలినవారిలో ఎక్కువమంది వృద్ధులు, రోగులు, అనాథ పిల్లలు. కేంద్రంలో ముగ్గురు కమిషనర్లు, వారి కింద ప్రాంతాలను చుట్టివచ్చే సహాయ కమిషనర్లు ఉండేవారు. గృహంలోని జీవితం బయటి అతిపేద కూలీ జీవితం కన్నా మెరుగ్గా ఉండరాదన్నది ఆ చట్టానికి మూలసూత్రం. అంటే లోపల సౌకర్యం మితిమీరకుండా చూడడం కూడా తనిఖీ చేసేవారి విధుల్లో భాగమే. రక్షణ కోసం పుట్టిందనుకునే వ్యవస్థ తొలిరూపంలో పొదుపుకు కావలి కాసింది.

ఈ వైరుధ్యం హ్యాంప్‌షైర్‌లోని ఆండోవర్ శ్రమగృహంలో బయటపడింది. ఎరువు కోసం ఎముకలు పిండి చేసే పనిలో ఉన్నవారు ఆకలికి తాళలేక ఆ కుళ్లిన ఎముకల్లోని మూలుగను తిన్నారు. స్థానిక పాలకమండలి సభ్యుడొకరు లోపల లేవనెత్తిన అభ్యంతరానికి ఫలితం దక్కలేదు. ‘ద లాన్సెట్’ పత్రిక వ్యవస్థాపకుడు, పార్లమెంటు సభ్యుడు థామస్ వేక్లీ 1845 ఆగస్టులో సభలో ప్రశ్నించిన తరువాతే విచారణ మొదలైంది. 1846లో పార్లమెంటరీ సంఘం విచారించింది. 1847లో కమిషన్ స్థానంలో పేదల చట్ట మండలి ఏర్పడింది. అరవై ఏళ్లు దాటిన దంపతులను బలవంతంగా వేరు చేయరాదన్న నిబంధన కూడా ఆ సంవత్సరమే చట్టంలో చేరింది.

3. సందర్శకులు, వైద్యులు:
1853లో లూయిసా ట్వైనింగ్ అనే మహిళ లండన్‌లోని స్ట్రాండ్ శ్రమగృహానికి వెళ్లారు. తమకు పరిచయమున్న ఒక ముసలి ఆయాను పలకరించడమే ఆమె పని. అక్కడ కనిపించిన ఒంటరితనం ఆమెను కదిలించింది. క్రమం తప్పకుండా సందర్శకులను అనుమతించాలని కోరితే అధికారుల నుంచి మొదట వ్యతిరేకతే ఎదురైంది. పట్టు వదలక 1858లో ఆమె శ్రమగృహ సందర్శన సంఘాన్ని స్థాపించారు. అధికారి ఏడాదికి కొన్నిసార్లు వచ్చి పుస్తకాలు చూసి వెళ్తాడు. సందర్శకురాలు అదే మంచం దగ్గరకు మళ్లీమళ్లీ వస్తుంది. ఈ రెండు చూపుల మధ్య తేడా తరువాతి చరిత్ర అంతటా కనిపిస్తుంది.

1864 చివర లండన్‌లోని ఒక శ్రమగృహంలో నిర్లక్ష్యానికి గురైన టిమోతీ డేలీ అనే కూలీ మరణించడం పత్రికల దృష్టికి వచ్చింది. 1865లో ‘ద లాన్సెట్’ సొంతంగా వైద్యుల బృందాన్ని నియమించి లండన్ శ్రమగృహాల రోగివిభాగాలను పరిశీలింపజేసింది. శిక్షణ లేని పరిచారకులు, గాలి ఆడని గదులు, ఇరుకైన మంచాలు ఆ నివేదికలకు ఎక్కాయి. 1867 మెట్రోపాలిటన్ పేదల చట్టం ఈ ఒత్తిడి ఫలితాల్లో ఒకటి. దీనితో గది వైశాల్యం, గాలి, పరిశుభ్రత కొలవదగిన ప్రమాణాలుగా తనిఖీలోకి వచ్చాయి. ఇది ముందడుగే. కానీ గోడలను కొలిచినంత సులభంగా ఒంటరితనాన్ని కొలవలేమన్న సమస్య అలాగే మిగిలింది.

4. 1948 చట్టం – టౌన్సెండ్ పరిశోధన:
1948 జాతీయ సహాయ చట్టం పేదల చట్టానికి ముగింపు పలికింది. నివాసికీ నిర్వాహకుడికీ మధ్య సంబంధం హోటల్ అతిథికీ మేనేజరుకూ మధ్య ఉన్నట్లు ఉండాలన్నది మంత్రి అన్యూరిన్ బెవాన్ ఆశయం. స్థానిక సంస్థలు వృద్ధులకు నివాసాలు నడపాలి. ప్రైవేటు, స్వచ్ఛంద ఆశ్రమాలు వాటివద్దనే నమోదు కావాలి. ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఇతరుల ఆశ్రమాలను తనిఖీ చేసే స్థానిక సంస్థే తన ఆశ్రమాలను తానే నడిపేది. దాని ఇంటిని చూసే బయటి కన్ను చాలాకాలం బలహీనంగానే ఉండిపోయింది.

సామాజికశాస్త్రవేత్త పీటర్ టౌన్సెండ్ 1950ల చివర ఇంగ్లండు, వేల్సులలో 173 నివాసాలను సందర్శించి, 1962లో ‘ద లాస్ట్ రెఫ్యూజ్’ గ్రంథాన్ని ప్రచురించారు. పాత శ్రమగృహాల భవనాల్లోనే కొత్త పేర్లతో పెద్దసంఖ్యలో వృద్ధులు నివసిస్తున్నారని ఆయన చూపించారు. ఒక నివాసంలో కొంతకాలం పరిచారకుడిగా కూడా పనిచేశారు. ఆయన పద్ధతి తనిఖీ చరిత్రలో ప్రత్యేకంగా పేర్కొనదగినది. భవనం, సిబ్బంది వంటి అంశాలతోపాటు దినచర్యలో స్వేచ్ఛ, చేతికి పని, బయటివారితో సంబంధాలు కూడా నాణ్యతకు కొలమానాలని ఆయన గ్రహించారు. ఎప్పుడు లేవాలో ఎవరు నిర్ణయిస్తారు? తన వస్తువులు తనవద్ద ఉంచుకోవచ్చా? ఇటువంటి ప్రశ్నలకు జవాబు దస్త్రంలో దొరకదు, నివాసిని అడగాలి. సామూహిక నివాసాలు వృద్ధుల మానసిక, సామాజిక అవసరాలను తగినంతగా తీర్చలేవని, ప్రత్యామ్నాయాలు కావాలని ఆయన తేల్చారు.

5. ఆరోపణల నుంచి ప్రమాణాల వరకు:
ఆసుపత్రుల్లోని వృద్ధుల వార్డుల స్థితిపై బార్బరా రాబ్ 1967లో ‘సాన్స్ ఎవ్రీథింగ్’ అనే గ్రంథాన్ని వెలువరించారు. అధికారిక విచారణలు అందులోని ఆరోపణల్లో చాలావాటిని తోసిపుచ్చాయి. అయితే వేల్సులోని ఈలీ ఆసుపత్రిపై 1969లో వచ్చిన విచారణ నివేదిక, ఒక సహాయక ఉద్యోగి చేసిన ఫిర్యాదులకు బలం చేకూర్చింది. ఆ సంవత్సరమే ఆసుపత్రుల సలహా సేవ ఏర్పడింది. తనిఖీ అనే మాటను వాడక ‘సలహా’ అనే పేరు పెట్టడం వైద్యవర్గంతో ఘర్షణ తప్పించే యత్నంగా భావించవచ్చు.

1984 నమోదిత ఆశ్రమాల చట్టం ప్రైవేటు ఆశ్రమాలపై నియంత్రణను పటిష్ఠం చేసింది. ఆ చట్టం కింది నిబంధనలు ఏడాదికి కనీసం రెండు తనిఖీలను కోరాయి. స్థానిక సంస్థల సొంత ఆశ్రమాల లోపం మాత్రం 1987లో స్పష్టమైంది. దక్షిణ లండన్‌లోని సదర్క్‌లో, బెవాన్ పేరుతోనే ఉన్న ప్రభుత్వ ఆశ్రమంలో వృద్ధులు దురాగతాలకు గురయ్యారని స్వతంత్ర విచారణ వెల్లడించింది. అతిథిగా చూడాలన్న నాయకుడి పేరు ఆశ్రమానికి పెట్టినంత మాత్రాన ఆ ఆశయం అమలు కాలేదు. 1990 చట్టం తరువాత స్థానిక సంస్థల్లో నిర్వహణ విభాగం నుంచి కొంత వేరుగా తనిఖీ విభాగాలు ఏర్పడి, సొంత ఆశ్రమాలనూ చూడసాగాయి.

2000 సంరక్షణ ప్రమాణాల చట్టంతో తనిఖీ స్థానిక సంస్థల చేతి నుంచి జాతీయ కమిషన్‌కు మారింది. 2002 ఏప్రిల్‌లో కమిషన్ పని ప్రారంభించింది. వృద్ధాశ్రమాలకు 38 జాతీయ కనీస ప్రమాణాలు రూపొందాయి. దేశమంతటా ఒకే కొలత రావడం లాభం. ప్రమాణం నెరవేరిందని చూపే కాగితాలు పేరుకుపోవడం దానికి తోడుగా వచ్చిన నష్టం.

6. శ్రేణులు, వాటి పరిమితులు:
2004లో మరో కమిషన్, 2009లో నేటి సంరక్షణ నాణ్యతా కమిషన్ వచ్చాయి. 2014 నుంచి ఆ కమిషన్ ప్రతి ఆశ్రమాన్నీ ఐదు ప్రశ్నలతో పరిశీలిస్తోంది: సురక్షితమా, ఫలవంతమా, ఆప్యాయత ఉన్నదా, అవసరాలకు స్పందిస్తోందా, నాయకత్వం సమర్థమా? ఫలితం నాలుగు శ్రేణుల్లో వెలువడుతుంది. సంరక్షణ పొందిన అనుభవం గలవారిని తనిఖీ బృందంలో చేర్చుకోవడం నివాసి దృష్టికి దొరికిన గుర్తింపు.

అయినా కథ సుఖాంతం కాలేదు. కోవిడ్ వ్యాప్తితో 2020 మార్చిలో సాధారణ తనిఖీలు నిలిచిపోయాయి. కుటుంబసభ్యుల రాకపోకలు కూడా ఆగిన కాలమది. రెండు కళ్లూ ఒకేసారి మూసుకున్నాయి. 2024లో పెన్నీ డాష్ నేతృత్వంలో జరిగిన సమీక్ష కమిషన్ పనితీరులో తీవ్రలోపాలు గుర్తించింది. శ్రేణులు చాలా పాతబడ్డాయని, తాము తనిఖీ చేసే రంగంలో కొందరు అధికారులకు తగిన అనుభవం లేదని తేల్చింది. ఏళ్ల కిందటి శ్రేణి నేటి భద్రతకు హామీ కాదు.

7. భారతీయ నేపథ్యం:
2011 జనగణన ప్రకారం దేశంలో అరవై ఏళ్లు నిండినవారు సుమారు 10.38 కోట్లు. 2007 తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం రాష్ట్రాలు దశలవారీగా జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు చాలిన ఆశ్రమాలను నెలకొల్పవచ్చు. వాటి నిర్వహణకు ప్రమాణాలు నిర్దేశించే అధికారమూ రాష్ట్రాలకుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో తన నియమావళిని రూపొందించుకుంది. అయితే ప్రైవేటు ఆశ్రమాల తప్పనిసరి నమోదు, క్రమబద్ధమైన తనిఖీ ఆ మూలచట్టంలో లేవు. 2018 డిసెంబరులో అశ్వనీకుమార్ కేసులో సుప్రీంకోర్టు, జిల్లాలవారీగా ఆశ్రమాల సమాచారం సేకరించాలని కేంద్రాన్ని ఆదేశించింది. సంఖ్య ఎంతో తేలనిచోట తనిఖీ ఎక్కడినుంచి మొదలవుతుందన్న ప్రశ్న ఇందులో ఇమిడి ఉంది. 2019 డిసెంబరులో లోక్‌సభ ముందుకు వచ్చిన సవరణ బిల్లు ఆశ్రమాల నమోదును, కనీస ప్రమాణాలను ప్రతిపాదించింది. చట్టరూపం దాల్చకుండానే 17వ లోక్‌సభతోపాటు ఆ బిల్లు కాలం చెల్లింది.

2020 జనవరిలో హైదరాబాదు శివార్లలోని నాగారంలో, అనుమతి లేకుండా నడుస్తున్న ఒక ఆశ్రమం నుంచి నివాసులను పోలీసులు విడిపించారు. ఆండోవర్‌కు, నాగారానికి కాలంలో, పరిస్థితుల్లో చాలా దూరం ఉంది. కానీ తలుపు వెనుక ఏం జరుగుతున్నదో సకాలంలో చూసే ఏర్పాటు లేకపోవడం రెంటికీ సమానం.

8. ముగింపు:
ఈ పరిశీలనలో తేలిన అంశాలు:
1. తనిఖీ ఉన్నంత మాత్రాన రక్షణ ఉన్నట్లు కాదు. తనిఖీ దేని కోసం ఏర్పడిందో దానినే చూస్తుంది.
2. ఆండోవర్ మొదలు ఈలీ వరకు లోపాలను ముందుగా చూపినవారు పాలకమండలి సభ్యుడు, సందర్శకురాలు, వైద్యులు, పరిశోధకుడు, కింది ఉద్యోగి. కాబట్టి బయటివారి రాకపోకలకు తలుపు తెరిచి ఉంచడం కూడా భద్రతా ప్రమాణమే.
3. నడిపేవారూ తనిఖీ చేసేవారూ ఒకరే కారాదు.
4. భవన ప్రమాణాలు అవసరం, కానీ అవి చాలవు. దినచర్యపై నివాసికున్న అధికారాన్ని కొలవనిదే నాణ్యత తెలియదు.

తెలుగు రాష్ట్రాల్లో ఆశ్రమాల నమోదుకు, తనిఖీకి రేపు సమగ్రమైన చట్టం వస్తే, తనిఖీ పత్రంలో మంచాల సంఖ్య రాసే గడి తప్పక ఉంటుంది. ఆ మంచంపై ఉన్న వ్యక్తితో అధికారి ఏకాంతంగా మాట్లాడాడా, ఆ వ్యక్తి ఏమన్నాడు అని రాసే గడి కూడా అందులో ఉండాలన్నది ఇంగ్లండు అనుభవం నేర్పే పాఠం.