శిశువుల వంకర పాదాల సవరణ – శస్త్రచికిత్సలో కోత పద్ధతులు

క్లబ్‌ఫుట్‌గా పిలువబడే వంకర పాదం పుట్టుకతో వచ్చే వైకల్యాలలో ఒకటి. జన్మించే ప్రతి వెయ్యి మంది శిశువులలో సుమారు ఒకరికి ఈ లోపం ఏర్పడుతుంది. మగశిశువులలో ఇది దాదాపు రెట్టింపు. సగం మందిలో రెండు పాదాలూ వంకరగా ఉంటాయి. గ్రహణ ప్రభావమనో, తల్లి చేసిన పొరపాటనో భావించి కాలయాపన చేయరాదు. చికిత్స అందనిచో బిడ్డ పాదం వెలుపలి అంచుపై నడవవలసి వస్తుంది.

తొలి చికిత్స

అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ వైద్యుడు డాక్టర్ ఇగ్నాసియో పోన్‌సెటి రూపొందించిన విధానం నేడు ప్రపంచమంతటా ఆమోదం పొందింది. పుట్టిన కొద్ది వారాలలోనే ప్రారంభించి, వారానికొకసారి పాదాన్ని మెల్లగా సరిచేస్తూ పిండికట్టు మారుస్తారు. సాధారణంగా ఐదారు కట్లు సరిపోతాయి. పిమ్మట చాలామందికి మడమ వెనుక స్నాయుబంధనాన్ని చిన్న గాటుతో తెంచుతారు. మూడు వారాల కట్టులో అది తిరిగి అతుక్కుంటుంది.

శస్త్రచికిత్స

కట్లకు లొంగని పాదాలకు మాత్రమే పెద్ద శస్త్రచికిత్స అవసరమవుతుంది. బిగుసుకున్న కణజాలాన్ని వదులు చేసి ఎముకలను సరైన స్థానంలో నిలపడం దీని లక్ష్యం. ఇందుకు మూడు కోతలు ప్రసిద్ధి చెందినవి.

టర్కో కోత: డాక్టర్ విన్సెంట్ టర్కో 1971లో ప్రకటించారు. పాదం లోపలి అంచు నుండి చీలమండ కింది మీదుగా మడమ వెనుకకు సాగుతుంది. లోపలి భాగాలు చక్కగా కనబడినా వెలుపలి భాగాలు అందుట కష్టం.

సిన్సినాటి కోత: అమెరికాలోని సిన్సినాటికి చెందిన డాక్టర్ క్రాఫర్డ్ బృందం 1982లో వివరించింది. లోపలి వైపు మొదలై మడమను అడ్డంగా చుట్టి వెలుపలి వైపునకు చేరుతుంది. మూడు దిక్కులా పని చేయవచ్చు. అయితే పాదాన్ని పైకి వంచినపుడు వెనుక చర్మం బిగిసి, గాయం మానుట ఆలస్యం కావచ్చును.

కారల్ కోతలు: డాక్టర్ నారిస్ కారల్ పేరిట ప్రసిద్ధం. లోపల ఒకటి, వెనుక వెలుపలి వైపున ఒకటి చొప్పున రెండు వేరు కోతలు. వెనుక చర్మంపై ఒత్తిడి తగ్గుతుంది. కాని రెండు కోతల నడుమ చర్మాన్ని జాగ్రత్తగా కాపాడవలసి ఉంటుంది.

అందరికీ ఒకే కోత శ్రేష్ఠమని చెప్పజాలము. పాదం బిగువు, చర్మ స్థితి, వైద్యుని అనుభవం దానిని నిర్ణయిస్తాయి. ఏ కోతలోనైనా చీలమండ లోపలి వైపునున్న నరాన్ని, రక్తనాళాలను కాపాడుట ప్రధానం. విస్తృత శస్త్రచికిత్స జరిగిన పాదాలు పెద్దయ్యాక బిగుసుకొని నొప్పి కలిగించవచ్చును. కనుకనే కట్లకు తొలి ప్రాధాన్యం.

తల్లిదండ్రులకు సూచన

కట్లు తీసిన తరువాత ప్రత్యేక బూట్లను తొలి మూడు నెలలు రోజుకు 23 గంటలు, ఆపై సుమారు నాలుగేళ్ళ వయస్సు వరకు నిద్రవేళలలో తొడగాలి. పాదం బాగుపడినదని మధ్యలో మానివేసినచో వంకర తిరిగి వస్తుంది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పరీక్షించే జన్మవైకల్యాలలో వంకర పాదం కూడా ఉన్నది. లోపం కనిపించిన వెంటనే ఆశా కార్యకర్తను గాని, సమీప ప్రభుత్వ ఆసుపత్రిని గాని సంప్రదించవలెను.