అఫ్గాన్ యూత్ ఆర్కెస్ట్రా: సొంత దేశంలో సంగీతంపై బ్యాన్.. పోర్చుగల్‌లో ఆగని సాధన

దేశం పేరు పెట్టుకున్న ఆర్కెస్ట్రా అది. కానీ ఆ దేశంలోనే కచేరీ చేసే పరిస్థితి లేదు. 2021లో తాలిబన్లు మళ్లీ అధికారంలోకి రావడంతో అఫ్గాన్ యూత్ ఆర్కెస్ట్రా పిల్లలు దేశం వదలాల్సి వచ్చింది. ఇంతకీ ఈ ఆర్కెస్ట్రా ఎలా మొదలైంది? పిల్లల్ని ఎలా తీర్చిదిద్దింది? డీటెయిల్స్ చూద్దాం.

వీధి బాలలకు సగం సీట్లు

1996 నుంచి 2001 వరకు సాగిన తొలి తాలిబన్ పాలనలో సంగీతంపై నిషేధం ఉండేది. ఒక తరం పిల్లలకు వాయిద్యాలు పట్టుకునే అవకాశమే లేకుండా పోయింది. ఆ లోటు తీర్చాలని ఆస్ట్రేలియాలో ఉంటున్న సంగీత పరిశోధకుడు డాక్టర్ అహ్మద్ సర్మస్త్ కాబూల్‌కు తిరిగొచ్చారు. 2010లో అఫ్గానిస్థాన్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యూజిక్ ప్రారంభమైంది. అందులో పుట్టిందే ఈ ఆర్కెస్ట్రా.

ఇక్కడ సగం సీట్లు అనాథలకు, వీధుల్లో చిన్నాచితకా వస్తువులు అమ్ముకునే పిల్లలకే. పిల్లాడు బడికెళ్తే ఇంటికి వచ్చే ఆ కాస్త డబ్బు ఆగిపోతుంది కదా? అందుకే స్టైపెండ్ కూడా ఇచ్చేవారు. మామూలు చదువు, సంగీతం రెండూ ఒకే చోట. అమ్మాయిలు, అబ్బాయిలు కలిసే నేర్చుకునేవారు.

వయొలిన్ పక్కనే రబాబ్

వయొలిన్, చెల్లో, పియానోతో పాటు అఫ్గాన్ వాయిద్యం రబాబ్ కూడా నేర్పేవారు. మన సరోద్‌కు మూలం ఈ రబాబే అంటారు. సితార్, తబలా క్లాసులూ ఉండేవి. ఆర్కెస్ట్రాలోనూ అంతే.. రెండు రకాల వాయిద్యాలూ పక్కపక్కనే. 2013 ఫిబ్రవరిలో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో ఈ పిల్లలు కచేరీ చేశారు. తర్వాత అమ్మాయిలతోనే 'జోహ్రా' అనే ఆర్కెస్ట్రా ఏర్పడింది. 2017 జనవరిలో దావోస్ వేదికపై వాయించింది.

బాంబు దాడి.. ఆపై వలస

ఈ దారి అంత తేలిగ్గా ఏమీ సాగలేదు. 2014 డిసెంబర్‌లో కాబూల్‌లో ఓ ప్రదర్శన జరుగుతుండగా ఆత్మాహుతి దాడి జరిగింది. ప్రేక్షకుల్లో ఉన్న సర్మస్త్ తీవ్రంగా గాయపడ్డారు, వినికిడి దెబ్బతింది. ఆస్ట్రేలియాలో చికిత్స చేయించుకుని మళ్లీ కాబూల్‌కే వచ్చేశారు.

2021 ఆగస్టులో సీన్ మొత్తం మారిపోయింది. స్కూల్ మూతపడింది. విద్యార్థులు, టీచర్లు, సిబ్బంది, కొందరి బంధువులు.. మొత్తం 273 మందిని విడతలవారీగా ముందు దోహాకు, అక్కడి నుంచి డిసెంబర్‌లో పోర్చుగల్‌కు తరలించారు. చాలామంది పిల్లలు అమ్మానాన్నలను అక్కడే వదిలి రావాల్సి వచ్చింది.

ఇప్పుడేం చేస్తున్నారు?

పోర్చుగల్‌లోని బ్రాగా నగరం కేంద్రంగా సాధన సాగుతోంది. 2024 మార్చిలో బ్రిటన్ టూర్‌కు ముందు వీసాలు రిజెక్ట్ అయ్యాయి. విమర్శలు రావడంతో చివరికి ఇచ్చారు. అదే ఏడాది ఆగస్టులో మళ్లీ కార్నెగీ హాల్ ఎక్కారు.

అటు అఫ్గానిస్థాన్‌లో 2023లో హెరాత్‌లో వాయిద్యాలను కుప్పగా పోసి తగలబెట్టారు. అక్కడి పిల్లలకు ఇప్పుడు రబాబ్ నేర్పే మ్యూజిక్ స్కూల్ లేదు. అందుకే ఈ ఆర్కెస్ట్రాకు కచేరీ ఒక్కటే పని కాదు. పరాయి దేశంలో ఉన్న ఈ పిల్లలు మర్చిపోకుండా ఉంటేనే, రేపు అక్కడి పిల్లలకు నేర్పేవాళ్లు మిగులుతారు.